మార్గరెట్ గారి మోకాలు, కెన్నెత్ గారి మనసు

మార్గరెట్ గారి ఎడమ మోకాలు నాకు రెండేళ్ళుగా తెలుసు. మార్గరెట్ గారిని చూసింది మాత్రం మొన్న అక్టోబరులోనే.

ఒంగోలులో మా చర్చి సంఘపు స్త్రీల సమాజం ప్రతి శుక్రవారం కూడుతుంది. నలభై మందిమి. ప్రార్థన అంశాల నోటుపుస్తకం నా దగ్గర ఉంటుంది. పాతికేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి, ఈ దీనమ్మ చేతిలో ఏదీ తప్పిపోదని వాళ్ళ నమ్మకం. మా సంఘంలోనే పెరిగి, నర్సై ఇంగ్లండు వెళ్ళిన సువార్త, షెఫీల్డ్ అనే ఊళ్ళో భర్త ప్రభుదాసుతో కలిసి ఒక తెలుగు సంఘం మొదలుపెట్టింది. పని వాళ్ళది, ప్రార్థన మాది. అదీ మా రెండు సంఘాల ఒడంబడిక. రెండేళ్ళ కిందట అక్కడి పాత ఇంగ్లీషు చర్చివాళ్ళు, తమ ఆరాధన అయ్యాక వాడుకోమని వీళ్ళకు మందిరం ఇచ్చారు. ఆ చర్చిలో మిగిలింది ఎనిమిది మంది పెద్దవాళ్ళు. ఆ ఎనిమిది పేర్లూ, పేరు పక్కన ఎవరి కష్టం వాళ్ళదీ సువార్త ఫోనులో చెబితే నేను నోటుపుస్తకంలోకి ఎక్కించాను. మొదటి అంశం మార్గరెట్ గారి ఎడమ మోకాలు. చివరిది కెన్నెత్ గారి మనసు.

సంగతేమిటంటే, ఎనిమిది మందితో అంత పెద్ద మందిరం నడపలేక, దాన్ని అమ్మేయాలా, లేక తెలుగువాళ్ళను కలుపుకుని ఒకే సంఘంగా సాగాలా అన్నది వాళ్ళు తేల్చుకోవలసి వచ్చింది. కలుపుకోవాలంటే ఎనిమిది మందీ ఒప్పుకోవాలట. ఏడుగురు సరేనన్నారు. మందిరం తాళాలు దగ్గర పెట్టుకునే కెన్నెత్ గారు మాత్రం ఔననలేదు, కాదనలేదు. అక్టోబరులో ఒక ఆదివారం ఆఖరి మీటింగు. ఆ వారం మీరు మా పక్కన ఉంటే బావుంటుంది ఆంటీ అని సువార్త ఫోను చేసింది. "ఇన్నాళ్ళూ ఎవరి కోసం మోకరించామో ఒకసారి చూసి రా దీనమ్మా" అని మా సమాజం నన్ను బయలుదేరదీసింది.

కండక్టరు లేని బస్సు

మాంచెస్టరులో విమానం దిగి, ప్రభుదాసు కారులో కొండలు దాటి షెఫీల్డ్ చేరాం. ఆ కొండల మీద చెట్లు తక్కువ, గొర్రెలు ఎక్కువ. పొలాలకు కంచె బదులు రాతిగోడలు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చి వదిలేశారు. గొర్రెలు కాసే మనిషి ఒక్కడూ కనిపించలేదు. "మరి ఎవురన్నా తోలుకుపోతేనో?" అని అడిగాను. "వీపు మీద రంగు పూస్తారు ఆంటీ, ఎవురివి వాళ్ళు గుర్తుపట్టడానికి" అన్నాడు ప్రభుదాసు. చూస్తే నిజమే, ఒక్కోదాని వీపున నీలం మరకో ఎర్ర మరకో ఉంది.

మరునాడు నన్ను బస్సెక్కించమని అడిగాను. ఎవరైనా ఇంగ్లండు వెళితే కోటలు చూస్తారు, నాకు బస్సు చూడాలని ఉంది. రెండంతస్తుల బస్సు వచ్చింది. కండక్టరు లేడు! బండి నడిపేదీ డ్రైవరే, డబ్బు తీసుకునేదీ డ్రైవరే. టికెట్ మూడు పౌన్లు. మన లెక్కలో ఎంతో కట్టి చూసుకుని, అంత డబ్బుకు ఒంగోలు నుంచి సగం హైదరాబాదు పోవచ్చు కదా అనుకున్నాను. అంతలో ఆ డ్రైవరు నన్ను 'లవ్' అని పిలిచాడు. అరవై రెండేళ్ళ మనిషిని, నెత్తిన కొంగు వేసుకున్నదాన్ని! నా మొహం చూసి సువార్త పడీ పడీ నవ్వింది.

"ఈ ఊళ్ళో అందర్నీ అట్టానే అంటారు ఆంటీ. మనం అమ్మా, అయ్యా అనమా, అట్టా."

దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ డ్రైవరుకు థాంక్స్ చెప్పి దిగారు. నా సర్వీసులో చిల్లర దగ్గర తిట్లు తిన్నాను గాని, థాంక్స్ చెప్పినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. నాకు కళ్ళు చెమర్చాయి. నేనూ థాంక్స్ చెప్పి దిగి, పాత అలవాటు కొద్దీ బస్సు పక్క రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి "రైట్, రైట్" అన్నాను. పాపం, ఎవరికో తగిలిందనుకుని డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగి బస్సు చుట్టూ తిరిగి చూశాడు. సువార్త నా చెయ్యి పట్టుకుని సందులోకి లాక్కుపోయింది.

మూత పెట్టిన డబ్బా

బుధవారం మధ్యాహ్నం మూడింటికి మార్గరెట్ గారు టీకి పిలిచారు. మూడంటే మూడే. రెండు నిమిషాలు ముందు చేరామని సువార్త నన్ను గేటు బయటే నిలబెట్టింది. మన ఇళ్ళకు ముందొచ్చినా, వెనకొచ్చినా, చెప్పకుండా వచ్చినా కంచం వేస్తాం. ఇక్కడ గడియారం ఒప్పుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది.

పొట్టిగా, తెల్లజుట్టుతో, చిలకలాగా చురుకైన మనిషి. టీ పోసి, బిస్కెట్ల డబ్బా నా ముందుకు జరిపారు. మొహమాటానికి రెండు తీసుకున్నాను. ఇంకోసారి అడుగుతారు కదా, అప్పుడు ఇంకో రెండు తీసుకుందామని నా ఆలోచన. ఆవిడ మూత పెట్టేశారు. మన ఇళ్ళల్లో వచ్చినవాళ్ళు వద్దన్నా మూడుసార్లు అడుగుతాం. వాళ్ళు ఒక్కసారే అడుగుతారు. నేను డబ్బా మీంచి దృష్టి మళ్ళించుకోవడానికి, మోకాలు ఎలా ఉందని అడిగాను.

"ఏ మోకాలు?" అన్నారు.

"ఎడమది. రెండేళ్ళుగా ప్రార్థన చేస్తన్నాం" అని సువార్త చేత చెప్పించి, నోటుపుస్తకం తీసి చూపించాను. ఒంగోలు అనే ఊళ్ళో, ముక్కూ మొహం తెలియని నలభై మంది ఆడవాళ్ళు శుక్రవారం శుక్రవారం తన మోకాలి కోసం దేవుణ్ణి అడుగుతున్నారంటే ఆవిడ కప్పు కింద పెట్టి నోటుపుస్తకం చేతిలోకి తీసుకున్నారు. మెల్లగా, ఎడమది పోయినేడే ఆపరేషను చేసి మార్చారనీ, అది గుర్రంలా ఉందనీ, ఇప్పుడు బాధపెడుతున్నది కుడిదనీ చెప్పారు.

నేను సువార్త వైపు తిరిగాను. "ఏందమ్మాయ్? బాగైపోయిన మోకాలికి ఏడాది నుంచి ప్రార్థన చేస్తన్నామా మేము?"

"సారీ ఆంటీ. డ్యూటీల రోటా గొడవలో పడి మీకు చెప్పటం మర్చిపోయా."

మార్గరెట్ గారు కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వు ఆగాక కూడా నీళ్ళు ఆగలేదు. "నా కొడుక్కి కూడా ఏ మోకాలో గుర్తుండదు" అన్నారు. నేను ఆవిడ ముందే పెన్ను తీసి 'ఎడమ' కొట్టేసి 'కుడి' అని రాశాను. ఆవిడ బిస్కెట్ల డబ్బా మళ్ళీ నా ముందుకు జరిపి, మూత తీసి కిటికీలో పెట్టేశారు. సాయంత్రం వరకూ ఆ మూత అక్కడే ఉంది. నేను తీసుకెళ్ళిన గోంగూర పచ్చడి ఆవిడ బిస్కెట్ మీదే రాసుకుని తిన్నారు, చెబితే నమ్మరు.

కెన్నెత్ గారి గురించి అప్పుడే తెలిసింది. వడ్రంగం చేసి రిటైరైన మనిషి. భార్య జీన్ గారు మూడేళ్ళ కిందట పోయారు. ఆ మందిరం ఊడ్చి, తుడిచి, పూలు పెట్టింది నలభై ఏళ్ళపాటు ఆవిడే. "మనుషులు మారితే ఆమె ఊడ్చిన చోటు కాకుండా పోతుందని అతని భయం. అది చెప్పడు. హీటరు ఎక్కువ వాడుతున్నారని మాత్రం అంటాడు" అన్నారు మార్గరెట్ గారు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే ముసలాయన అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సువార్త చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూచుంది.

"ఇప్పటికి నాలుగు చోట్లు మారాం ఆంటీ. ఒక స్కూలు హాలు, ఒక గ్యారేజీ, టేక్‌అవే హోటలు పైన ఒక రూము, కౌన్సిల్ వాళ్ళ హాలు. యాడికి పోయినా ఏదో ఒకటి చెప్పి పంపిచ్చారు. ఆదివారం వీళ్ళు కూడా లేదంటే ఇంక ఎతికే ఓపిక నాకు లేదు. సంఘం చెల్లాచెదరైపోద్ది."

ఎప్పుడూ నవ్వే పిల్ల అలా అనేసరికి తల నా భుజం మీదికి లాక్కున్నాను.

ఇరవైమూడు జతలు

శనివారం పది గంటలకు ఉపవాస ప్రార్థన. కొందరు నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. నేను ముందుగా వెళ్ళి, బయటి తలుపు దాటగానే ఉన్న వాకిట్లో నిలబడ్డాను. చూస్తే ఏముంది, ఒక్కొక్కళ్ళూ బూట్లతో టకటకమని లోపలికి పోతున్నారు!

"హోల్డాన్!" అని అరిచాను. బస్సులో ఎంత గట్టిగా అరిచేదాన్నో అంత గట్టిగా. "ఏంది ఇది? మందిరంలోకి చెప్పులతోనా? ఒంగోల్లో ఇట్టానే పోతన్నారా మీ అమ్మలు?"

"ఇక్కడ చలి ఆంటీ. వీళ్ళు ఎవరూ విప్పరు" అన్నాడు ప్రభుదాసు.

"వాళ్ళ సంగతి నాకెందుకు? నువ్వు ఇప్పు."

విప్పారు. నాతో కలిపి ఇరవైముగ్గురం, ఇరవైమూడు జతలు, వాకిట్లో గోడ పక్కన బారుగా పెట్టించాను. అక్కడ అంతకు ముందే పాత కోట్లు, దుప్పట్లు నింపిన రెండు నల్ల సంచులున్నాయి. వాటి సంగతి నేను పట్టించుకోలేదు. సాక్స్‌తోనో, ఉత్త కాళ్ళతోనో మూడు గంటలు ప్రార్థన చేశాం. పాటలు పాడాం. మందిరం కప్పు లేచిపోతుందా అన్నట్టుంది. నా మాట చెల్లినందుకు నాకు లోపల గర్వంగా కూడా ఉంది.

ఒంటిగంటకు ఆమెన్ చెప్పి బయటికొస్తే వాకిలి ఊడ్చినట్టుంది. సంచులు లేవు, చెప్పులు లేవు. బయట సన్నగా వాన.

అప్పుడే గేటు తీసుకుని కెన్నెత్ గారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి, పొడవుగా, బిగించి కట్టిన టై. చేతులు దులుపుకుంటూ చిన్నగా నవ్వారు. పేదలకు ఇచ్చే పాత బట్టలు, బూట్లు ఈ శనివారం వాకిట్లో పెట్టమని అందరికీ చెప్పానని, ఇన్ని వస్తాయని అనుకోలేదని, కారులో వేసుకెళ్ళి, పాతవి అమ్మి ఆ డబ్బు పేదలకు పెట్టే ఛారిటీ షాపులో ఇచ్చి వస్తున్నానని అన్నారు. "ముఖ్యంగా బూట్లు. మీవాళ్ళు చాలా ఉదారంగా ఇచ్చారు" అన్నారు.

ఆ తర్వాత ఆయన చూపు మా కాళ్ళ మీదికి దిగింది.

నలభై ఆరు కాళ్ళు. ఆయన మొహం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. మెట్టు మీద కూలబడ్డారు. ముందు ప్రభుదాసు కిసుక్కుమన్నాడు, తర్వాత పిల్లలు, తర్వాత అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? తెల్లారితే మీటింగు. రెండేళ్ళుగా ఎవరి మనసు మెత్తబడాలని అడుగుతున్నామో ఆ మనిషిని ఇరవైముగ్గురి ముందు సిగ్గుపడేలా చేసింది నేను. సువార్త నా వైపు చూడలేదు.

కెన్నెత్ గారు లేచి లోపలికి వెళ్ళి ఒక బీరువా తెరిచారు. ఆకుపచ్చ రబ్బరు బూట్ల జత ఒకటి తెచ్చి నా పాదాల ముందు పెట్టారు. మడమ దగ్గర మట్టి ఎండిపోయి ఉంది. "జీన్‌వి. తోట పనికి" అన్నారు. అంతే. నేను తొడుక్కున్నాను. ఇంకో పాదం పట్టేంత పెద్దవి.

నా చెప్పుల ఖరీదు

ఆయన కారులోనే నేనూ సువార్తా షాపుకు బయలుదేరాం. సువార్తకు రెండున్నరకు వార్డులో డ్యూటీ, సాక్స్‌తో ఉంది. కొండ దిగుతుండగా ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అడిగారు, మార్గరెట్ ఏదో పుస్తకం గురించి చెప్పిందనీ, అందులో తన పేరు పక్కన ఏముందనీ.

సువార్త నా కాలు గిల్లింది. అబద్ధం ఆడదామంటే ఉపవాసం రోజు. "ఉన్నది చెప్పు" అన్నాను. "మీరు ఇంకా సరే అనలేదు. మీ మనసు మెత్తబడాలని అడుగుతున్నాం" అని సువార్త ఇంగ్లీషులో చెప్పింది.

ఆయన వైపర్ల వేగం పెంచారు.

"ఎంతమంది?"

"నలభై."

"నలభై మంది మీద నేనొక్కణ్ణి" అన్నారు. "ఇదేం న్యాయం?"

కోపమో, ఇంకేమిటో ఆ గొంతులో నాకు తెలియలేదు.

షాపులో ఒక ఆవిడ అప్పటికే మా బూట్లను అరల మీద సర్ది, చీటీలు అంటిస్తోంది. నా చెప్పులు అద్దాల కిటికీలో బొమ్మలాగా నిలబెట్టి ఉన్నాయి. ఒంగోల్లో బేరమాడి పన్నెండు వందలకు కొన్నవి, ఈ ప్రయాణానికే. వాటి మీద చీటీ: రెండు పౌన్లు! తిరిగి దొరికాయన్న సంతోషం కన్నా ఆ అవమానమే ఎక్కువ బాధించింది. సంగతి చెబితే ఆవిడ, చీటీ వేసింది అమ్మాల్సిందే, అది రూలు అంది. జీన్ గారి బూట్లు తపతపలాడించుకుంటూ వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ నా కాళ్ళు చూసింది, సువార్త సాక్స్ చూసింది, కెన్నెత్ గారి మొహం చూసింది. తర్వాత తానే సంచులు తెచ్చి ఇచ్చింది.

ఇరవై రెండు జతలు లెక్కకు వచ్చాయి. ఇరవైమూడోది ప్రభుదాసుది, అది అరగంట కిందటే ఎవరో కొనుక్కుపోయారు. ఆవిడ నొచ్చుకుని దానికి బదులు ఒక తోలు బూట్ల జత ఇచ్చింది. అది వేసుకున్నాక ప్రభుదాసు నడక మారిపోయింది. ఆంటీ ఇంకోసారి వస్తే కోటు కూడా వాకిట్లో విడుస్తానన్నాడు.

జీన్ గారి బూట్లు కడిగి ఇవ్వబోతే కెన్నెత్ గారు వద్దని అలాగే తీసుకెళ్ళారు.

మూసిన తలుపు

ఆదివారం రెండు సంఘాలూ కలిసి ఆరాధన, తర్వాత మీటింగు. పదిన్నరకు అందరం చేరాం. తలుపు తాళం వేసి ఉంది.

వాన. వాళ్ళు ఏడుగురు, మేము ఇరవైముగ్గురం గొడుగుల కింద నిలబడ్డాం. గొడుగు లేనివాళ్ళను ఉన్నవాళ్ళు కిందికి లాక్కున్నారు. లోపల నుంచి సుత్తి చప్పుడు వినిపించింది. ఠక్, ఠక్, ఠక్.

"తలుపులకు చెక్కలు కొడతన్నాడేమో ఆంటీ" అంది సువార్త. ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. మార్గరెట్ గారు గొడుగు కర్రతో తలుపు మీద కొట్టి, ఎనభై ఏళ్ళ మనిషిని టీచరు మందలించినట్టు పిలిచారు. సుత్తి ఆగింది. తాళం తిరిగింది.

కెన్నెత్ గారు తలుపు తీశారు. టై లేదు, చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, జుట్టంతా రంపపు పొట్టు. ఒక చేత్తో నడుము పట్టుకుని పక్కకు జరిగారు. వాకిట్లో గోడ పొడవునా చెక్క అరలు. చెప్పుల స్టాండు! నున్నగా చిత్రిక పట్టి, ఎవరి జత వాళ్ళు పెట్టుకునేలా గూళ్ళు గూళ్ళుగా చేశారు. ఆ చెక్క రంగు ఎక్కడో చూసినట్టుందని లోపలికి తొంగిచూస్తే, మందిరంలో చివరి బెంచీ లేదు.

"కెన్నెత్!" అన్నారు మార్గరెట్ గారు. "ఇక్కడ బెంచీ అంగుళం జరపాలంటేనే మూడు మీటింగులు పెడతాం!"

"మీటింగు ఇవాళ ఉందిగా" అన్నారాయన. "మళ్ళీ పొరపాటు జరగకూడదని చేశాను."

నేను ఊరుకుంటానా, లెక్కపెట్టాను. పాతికేళ్ళు తలలు లెక్కపెట్టిన అలవాటు. ముప్పై రెండు గూళ్ళు. మేము ఇరవైముగ్గురం, వాళ్ళు ఎనిమిది మంది, ముప్పై ఒకటి. ఒకటి ఎక్కువ ఉందేమిటని మళ్ళీ లెక్కపెట్టబోతూ చూశాను. తలుపు పక్కన మొదటి గూట్లో, మడమల మట్టితో సహా, ఆకుపచ్చ రబ్బరు బూట్లు అప్పటికే ఉన్నాయి.

ఆయన తన బూట్లు విప్పుకుందామని వంగబోయి, నడుము పట్టేసి ఆగిపోయారు. సువార్త గబుక్కున మోకాళ్ళ మీద కూచుని ఆయన లేసులు విప్పింది. ఏడుస్తూనే ఉంది, నవ్వుతూనే ఉంది. ఆ రెండు బూట్లూ తీసి రెండో గూట్లో పెట్టింది. తర్వాత మార్గరెట్ గారు నా భుజం పట్టుకుని, కుడి మోకాలు జాగ్రత్తగా వంచి, తన జత విప్పారు.

మీటింగు నాలుగు నిమిషాలు పట్టింది. ఎనిమిది చేతులు లేచాయి. నేను వెనక నిలబడి "రైట్, రైట్!" అని అరిచాను. ఈసారి ఎవరూ కంగారుపడలేదు. భోజనాలకు మావాళ్ళు పలావు, కోడికూర; వాళ్ళు చల్లని శాండ్‌విచ్‌లు. ఒకే బల్ల మీద పెడితే మావాళ్ళ పిల్లలు శాండ్‌విచ్‌ల మీద పడ్డారు, కెన్నెత్ గారు కోడికూర రెండుసార్లు వేయించుకున్నారు. హీటరు ఆయనే వెళ్ళి పెంచి వచ్చారు.

మళ్ళీ శుక్రవారం

ఒంగోలు వచ్చిన మొదటి శుక్రవారం సమాజం ముందు నోటుపుస్తకం తెరిచాను. 'కెన్నెత్ గారి మనసు' అన్నది వాళ్ళందరి ఎదుటా కొట్టేసి, కింద 'కెన్నెత్ గారి నడుము' అని రాశాను. బెంచీ ఒక్కరే మోసి పట్టేయించుకున్నారు, ఇంకా తగ్గలేదట. "ఈసారన్నా సరిగ్గా కనుక్కున్నావా? ఎడమ పక్కా, కుడి పక్కా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. అందరూ గొల్లుమన్నారు. ఎడమే. కనుక్కునే వచ్చాను.

బయలుదేరేటప్పుడు ఆయన నన్ను ఒక మాట అడిగారు. ఆ పుస్తకంలో జీన్ పేరు కూడా రాస్తారా అని. పక్కన ఏమీ రాయనక్కర్లేదు, పేరు ఉంటే చాలు అన్నారు. పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేసే అలవాటు మా సంఘంలో లేదు. అయినా విమానంలోనే రాశాను. మొన్న ఆ పేరు చదివి ఆగితే, పక్కన అంశం ఏమిటా అని అందరూ నా మొహం చూశారు. వాళ్ళకు ఆకుపచ్చ బూట్ల సంగతి చెప్పాను, ముప్పై రెండో గూడు సంగతి చెప్పాను.

తర్వాత మాలో అందరికన్నా పెద్దావిడ, ఎనభై ఐదేళ్ళ రత్నమ్మత్త, కళ్ళు తుడుచుకుని, "దానికంత ఆలోచనెందుకే? అడిగేదేం లేదు, ఆ తల్లి పేరు పక్కన స్తోత్రం అని రాయి" అంది.

రాశాను.